పుష్పవతి వేసిన దుప్పట్లు

పుష్పవతి నలభై అయిదేళ్లు నర్సుగా పనిచేసింది. ఇరవై ఒకటో ఏట చీరాల దగ్గరి మిషన్ ఆసుపత్రిలో తెల్లచీర కట్టుకుని మొదలుపెట్టింది. అరవై ఆరో ఏట, ఐర్లండులోని నేవన్ ఊరి శివార్లలో ఒక వృద్ధుల కేర్ హోములో, లాకర్ తాళంచెవి మేనేజరు చేతికిచ్చి ముగించింది. మధ్యలో పదకొండేళ్లు మస్కట్‌లో గడిచాయి. పెళ్లయిన తొమ్మిదేళ్లకి అక్కడే గిడియన్ పుట్టాడు. వాడికి ఎనిమిదేళ్లప్పుడు ముగ్గురూ ఐర్లండు వచ్చారు.

ఆమె భర్త ఆమోసు చీరాలలో సహకార బ్యాంకు గుమాస్తా. భార్య ఉద్యోగం వెంట దేశాలు తిరిగాడు, ఒక్కనాడూ దాన్ని చిన్నతనంగా అనుకోలేదు. నేవన్ వచ్చిన కొత్తలో పుట్టగొడుగుల ఫారంలో నడుం వంచి పుట్టగొడుగులు కోశాడు. తర్వాత లైసెన్సు సంపాదించి స్కూలు బస్సు తోలాడు. ఎదురొచ్చిన ప్రతివాడినీ పలకరిస్తాడు. వాళ్ల హౌసింగ్ ఎస్టేటులోని నూట పది ఇళ్లలో ఆమోసు పేరు తెలియని ఇల్లు లేదు. పుష్పవతి తక్కువ మాట్లాడేది, ఎక్కువ పని చేసేది. ఆవిడ షిఫ్టులో ఉంటే ముసలివాళ్ల పక్కలు ముడత లేకుండా ఉంటాయని కేర్ హోములో చెప్పుకునేవారు.

రిటైరైన మొదటి ఎనిమిది నెలలూ బాగానే గడిచాయి. లూకన్‌లో కొడుకు ఇంటికెళ్లి పది రోజులుంది. చీరాల వెళ్లి ఆడపడుచు ఇంట్లో నెల ఉంది. ఇంటికి కొత్త కర్టెన్లు కుట్టింది. ఆ తర్వాత నవంబరు వచ్చింది.

ఒక మంగళవారం పొద్దున కెటిల్లో నీళ్లు మరిగాయి. కప్పులో టీ బ్యాగు వేసి ఉంది. నీళ్లు పోయాలి. పోయలేకపోయింది. చేతికి ఏమీ కాలేదు, కళ్లు తిరగలేదు. పోయాలని తెలుసు. పోయడం దేనికో మాత్రం తెలియలేదు. ఆమోసు మేడ దిగి వచ్చేసరికి ఆవిడ అదే చోట కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది. నీళ్లు చల్లారిపోయాయి.

"ఏందే, అట్టా నిలబడ్డావు?" అన్నాడు.

"ఏం లేదండీ" అంది.

అది అబద్ధం కాదు. నిజంగానే ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆమె లోపల ఏమీ లేకుండా పోయింది. ఏడుపు రాదు, కోపం రాదు. కూర ఉప్పగా ఉందో చప్పగా ఉందో నాలుకకి తెలిసేది, ఆమెకి పట్టేది కాదు. పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేది. పదకొండయినా మంచం దిగేది కాదు. స్నానం మూడు రోజులకోసారి అయింది.

ఆ జబ్బుకి ఒక పేరుందని ఆమెకి తెలుసు. ఎన్నో వందలమందికి చిన్న కాగితం కప్పుల్లో ఆ మాత్రలు పోసి, మింగేదాకా పక్కన నిలబడిన మనిషి. తెలిసినంత మాత్రాన ఒరిగిందేమీ లేదు. పైగా సిగ్గేసింది. ఆ మంచాల మీద పడుకున్నవాళ్ల గురించి ఆమె లోలోపల ఏమనుకునేదో ఆమెకే గుర్తుంది. కాస్త లేచి తిరిగితే బాగుంటారు కదా అనుకునేది.

అందరూ కారణం అడిగారు. చీరాల నుంచి ఆడపడుచు ఫోన్లో, "పని లేక వచ్చిన రోగం వదినా అది. ఇల్లుంది, పెన్షనుంది, బంగారంలాంటి కొడుకున్నాడు, ఏం తక్కువ నీకు?" అంది. గిడియన్ ఇంటర్నెట్టులో చదివి, కోవిడ్ కాలంలో కేర్ హోములో చూసిన చావులు ఇప్పుడు బయటికొస్తున్నాయేమో అన్నాడు. పుష్పవతి నిజాయితీగా వెతుక్కుంది. ఆ చావులు చూసింది, బాధపడింది, ఆ బాధ ఎక్కడుందో కూడా తెలుసు. ఇది అది కాదు. కారణం దొరికితే కనీసం దాని మీద పడి ఏడవచ్చు. దొరకలేదు.

ఆమోసు శుక్రవారాలు ఉపవాసం పట్టాడు. ప్రార్థన చేశాడు, కాళ్లు పట్టాడు, చేపల పులుసు వండాడు. మూడు నెలల్లో ఆయన బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వెళ్లింది. చివరికి ఫిబ్రవరిలో, "నాకోసం రావే" అని జీపీ, అంటే ఊరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ గిడియన్ వయసుది. కంప్యూటర్ పక్కకి జరిపి సూటిగా అడిగింది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

పుష్పవతి ఆలోచించి ఇంగ్లీషులో చెప్పింది. "లేదు. అలాగని ఉండాలని కూడా అనిపించడం లేదు."

ఆమోసు తన మోకాళ్ల వంక చూసుకున్నాడు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. రెండు వారాలకోసారి రమ్మంది. దాంతోపాటు ఒక కార్డు చేతికిచ్చింది. రిటైరైన వాళ్లకి గురువారం పొద్దున చర్చి వెనక హాల్లో పెయింటింగు క్లాసు. డబ్బు కట్టక్కర్లేదు, రంగులూ కాగితాలూ వాళ్లే ఇస్తారు. చేతులకి ఒక పని, నలుగురితో ఒక పూట, ఇవి మనసుకి మేలు చేస్తాయని చెప్పింది.

పుష్పవతికి ఆ కార్డు చూస్తే నవ్వు రావలసింది. కేర్ హోములో బుధవారాలు ఆమే ముసలివాళ్ల ముందు క్రేయాన్ల పెట్టె పెట్టేది. గీతలు దాటి పోయిన రంగులు చూసి, "లవ్‌లీ, వెరీ లవ్‌లీ" అని పక్క బల్లకి వెళ్లేది. ఆ లవ్‌లీ విలువ ఎంతో ఆమెకి తెలుసు.

అయినా వెళ్లింది. ఆమోసు కారు స్టార్టు చేసి కూర్చున్నాడు, అందుకని వెళ్లింది.

హాల్లో పదిమంది ఉన్నారు. నేర్పే ఆవిడ పేరు నోరీన్, రిటైరైన స్కూలు టీచరు, గొంతు పెద్దది, మనసు మంచిది. పుష్పవతికి డెక్లన్ అనే ఆయన పక్కన కుర్చీ దొరికింది. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్లు పోస్ట్‌మాన్‌గా చేశాడట. గేట్లు తప్ప మరేదీ వేయడు. తను ఉత్తరాలు పంచిన దారిలో ఉన్న గేట్లన్నీ వరసగా వేసుకుంటూ వస్తున్నాడు. అప్పటికి అరవై రెండో గేటు దగ్గరున్నాడు.

మొదటి రోజు బల్ల మీద ఒక ఆపిల్ పెట్టారు. పుష్పవతి వేసింది దెబ్బ తగిలి కమిలిన మోకాలులా వచ్చింది.

"గ్రాండ్" అంది నోరీన్, ముందుకెళ్లిపోయింది.

అయిదారు వారాలు అలాగే పోయాయి. ఒకసారి నోరీన్, మీ చేతులు ఎక్కువగా ముట్టుకున్న వస్తువు ఏదైనా ఇంటినుంచి తెచ్చుకోండి అంది. ఒకాయన పైపు తెచ్చాడు. ఒకావిడ చపాతీ కర్రలాంటిది తెచ్చింది. పుష్పవతి ఒక తెల్ల దుప్పటి తెచ్చి బల్ల అంచుమీద పరిచింది. మంచం మూల దగ్గర దుప్పటిని ఏటవాలుగా మడిచి పరుపు కిందికి దోపే మడత ఒకటి ఉంటుంది. నర్సులకి మొదటి వారంలోనే నేర్పుతారు. చేతులు వాటంతట అవే ఆ మడత వేశాయి.

నీటి రంగుల్లో తెలుపు వేయరని నోరీన్ చెప్పింది. తెల్లగా ఉండాల్సిన చోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి. నీడలు మాత్రమే వేయాలి. పుష్పవతి మడత కింద నీడని చూసింది. బూడిదరంగు అనుకుంది. ఇంకాసేపు చూస్తే అందులో నీలం ఉంది. ఇంకాస్త చూస్తే ఎక్కడో ఒక చుక్క ఊదా ఉంది. కుంచె నీళ్లలో ముంచి, తుడిచి, ఆ నీడ అంచు వెంబడి లాగింది. తలెత్తేసరికి అందరూ కుర్చీలు సర్దుతున్నారు. రెండు గంటలు గడిచాయి.

సంతోషం కలగలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ కప్పిపుచ్చుకోలేదు, తన దగ్గర తను. ఆ రెండు గంటలూ తన గురించి తనకి గుర్తు లేదు, అంతే. కారెక్కే ముందే అంతా మళ్లీ వచ్చేసింది.

కానీ ఆమోసు ఆ బొమ్మ చూశాడు. కారులోనే విప్పించి చూశాడు.

"ఓరి దేవుడా, దుప్పటా ఇది! ముట్టుకుంటే మెత్తగా తగిలేట్టుందే. నువ్వేనా వేసింది?"

"నేనే."

"ఏందే పుష్పా, ఇన్నాళ్లూ ఏడ దాచావే ఇదంతా!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికెళ్లగానే వంటింటి అలమర తలుపు మీద ఆ బొమ్మ అంటించి, గ్లాసులూ కప్పులూ తీయాల్సి వచ్చినప్పుడల్లా ఒక నిమిషం ఆగి చూశాడు. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "దేవుడు విన్నాడే" అన్నాడు.

ఆ మాటతో పుష్పవతి చిక్కుకుపోయింది. బెల్టు వదులైన మనిషి ఇన్ని నెలల తర్వాత కడుపునిండా తింటున్నాడు. లేదండీ, నాకు అలాగే ఉంది అని ఆ పూట చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు చెప్పొచ్చులే అనుకుంది. మర్నాడు ఆయన పాట పాడుకుంటూ చెత్త బిన్ను బయట పెడుతున్నాడు.

అలా మొదలైంది నటన. అది ఆమెకి కష్టమేమీ కాలేదు. ఏళ్ల తరబడి రోగుల చార్టుల్లో రాసిన మాటలే. భోంచేసింది. నిద్రపోయింది. మాట్లాడింది. నవ్వింది. ఏ గుర్తులు చూసి మనిషి బాగుపడుతోందని అనుకుంటారో ఆమెకంటే తెలిసినవాళ్లు ఎవరు? పొద్దున ఏడింటికి లేచి తల దువ్వుకునేది. ఆమోసు గదిలోకి వస్తున్న అలికిడి వినగానే కీర్తన ఒకటి సన్నగా అందుకునేది. ఆయన బయటికెళ్లగానే ఉన్నచోట కూర్చుండిపోయేది. గిడియన్ ఆదివారం వచ్చి, "మామ్, యు లుక్ గ్రేట్" అంటే నవ్వింది. డాక్టరమ్మ దగ్గర మాత్రం అబద్ధం ఆడలేదు. పక్కన ఆమోసు లేకుండా వెళ్లి, తగ్గలేదని చెప్పింది. మాత్ర మార్చారు. అదీ పని చేయలేదు. మళ్లీ మార్చారు.

గురువారాలు వెళుతూనే ఉంది. దుప్పట్లే వేసింది. పరిచినవి, నలిగినవి, మడతపెట్టి దొంతరగా పేర్చినవి, సగం కిందికి జారినవి.

"ఒక్క పువ్వు వేయవే. పేరు చూస్తే పుష్పవతి, వేసేవన్నీ దుప్పట్లు" అని ఆమోసు సరదా చేసేవాడు. ఒకసారి మాత్రం, మంచం మీద మధ్యలో గుంట పడ్డ దుప్పటి చూసి, "ఇది ఎవరి పక్కే?" అన్నాడు.

"ఎవరిదీ కాదండీ. లేచి వెళ్లిపోయారు."

"బాగయ్యి వెళ్లుంటారులే" అన్నాడు ఆమోసు.

అక్టోబరులో ఊరి లైబ్రరీలో క్లాసు వాళ్ల బొమ్మలు పెట్టారు. పుష్పవతివి మూడు దుప్పట్లు గోడకెక్కాయి. జనం వాటి ముందు ఆగారు. వాటిలో మంచు కప్పిన కొండలు కనబడుతున్నాయని ఎవరో అన్నారు. ఊరి వారపత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చి ఫోటో తీసింది. పుష్పవతి రెండు ముక్కలే మాట్లాడింది. మిగతాది నోరీన్ చెప్పింది, మంచి ఉద్దేశంతోనే. పేపర్లో ఫోటో కింద, రిటైరైన నర్సుకి రంగులు నవ్వు తిరిగి తెచ్చాయని అచ్చయింది.

ఆమోసు ఆ పేపరు ఆరు కాపీలు కొన్నాడు. ఫోటో తీసి తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి నూట నలభై మంది దేవునికి స్తోత్రం చెప్పారు.

ఆ ఫెలోషిప్ క్లోనీ అనే ఊళ్లో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని ఆదివారం మూడింటికి కూడుకునేది. నలభై కుటుంబాలు. ఎక్కువమంది నర్సులు, కేరర్లు. పాస్టరు ప్రసన్న కుమార్ వారమంతా ఒక గోడౌనులో పని చేసి ఆదివారం వాక్యం చెప్పేవాడు. ఆమోసు సంఘ పెద్దల్లో ఒకడు.

"అయ్యగారు నిన్ను సాక్ష్యం చెప్పమంటున్నారే" అన్నాడు ఆమోసు శనివారం.

"వద్దండీ."

"అయిదు నిమిషాలే. దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పాలిగా. మన వాళ్లలో ఎంతమంది నోరు మూసుకుని బాధపడుతున్నారో. నువ్వు చెపితే ధైర్యం వచ్చుద్ది."

"నావల్ల కాదు."

"నేను ఒప్పుకున్నానే" అన్నాడు చిన్నబోయి.

ఆ ఆదివారం హాలు నిండింది. పాటలయ్యాయి. ప్రసన్న కుమార్ మైకు ముందుకొచ్చి, చీకటిలో ఉన్న సహోదరిని దేవుడు కుంచెతో వెలుగులోకి నడిపించాడని చెప్పి ఆమెని పిలిచాడు. వెనక తెర మీద పేపర్లోని ఫోటో వేశారు. పుష్పవతి లేచి వెళ్లింది. ముందు వరసలో ఆమోసు కొత్త కోటు వేసుకుని, పిల్లాడి బహుమతుల పండక్కి వచ్చిన తండ్రిలా కూర్చున్నాడు.

ఆమె అబద్ధం చెప్పడానికే లేచింది. కారులో వచ్చేటప్పుడు మూడు వాక్యాలు కూర్చుకుంది. మైకు పట్టుకున్నాక ఎదురుగా వరసల్లో తెలిసిన ముఖాలు కనబడ్డాయి. డబుల్ షిఫ్టులు చేసి వచ్చిన ముఖాలు. వాటిలో కొన్నింటిని నర్సు కళ్లతో చూసింది. ఇద్దరు ముగ్గురి దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"వందనాలు" అంది. "నాకు డిప్రెషను. ఏడాదయింది. మాత్రలు వేసుకుంటున్నాను. గురువారాలు బొమ్మలు వేస్తున్నాను."

"స్తోత్రం" అన్నారెవరో.

"తగ్గలేదు" అంది పుష్పవతి.

హాల్లో చంటిపిల్ల ఒకతె కేరింత కొట్టింది.

"పేపర్లో వేసింది నిజం కాదు. బొమ్మ వేసేటప్పుడు చేతికి పని ఉంటుంది. అయిపోయాక మళ్లీ మామూలే. నేను ప్రార్థన చేస్తున్నాను, అయినా తగ్గలేదు. నన్ను చూసి ఎవరూ మందులు మానకండి. తగ్గకపోతే అది మీ విశ్వాసం తక్కువై కాదు." ఇంకేదో చెప్పాలనుకుంది. "అంతే" అని మైకు స్టాండులో పెట్టింది.

ప్రసన్న కుమార్ ముందుకొచ్చి, సహోదరి కోసం ప్రార్థిద్దాం అన్నాడు. అందరూ తలలు వంచారు. ఆమోసు వంచలేదు. తెర మీది ఫోటోనే చూస్తున్నాడు.

తర్వాత టీ దగ్గర జనం ఆమెకి కాస్త ఎడంగా నిలబడ్డారు. భుజం తట్టినవాళ్లు గబగబా తట్టి పోయారు. పుష్పవతి కప్పులు కడగడానికి హాలు వెనక సింకు దగ్గరికెళ్లింది. అక్కడ ఎవాంజెలిన్ ఉంది. యాభై ఏళ్ల మనిషి, బాపట్ల వైపు నుంచి వచ్చింది, ఇళ్లకెళ్లి ముసలివాళ్లని చూసుకునే కేరరు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, ప్రతి ఫంక్షనుకీ గారెలు ఆవిడే వేస్తుంది.

"ఎన్నాళ్ల నుంచన్నారు ఆంటీ?" అంది తల తిప్పకుండా.

"ఏడాది."

ఎవాంజెలిన్ ఒక కప్పు కడిగి బోర్లించింది. "నాకు ఆరేళ్లు" అంది.

"జీపీకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు."

"ఏం చెయ్యను ఆంటీ చెప్పి? మీకు తగ్గలేదుగా."

పుష్పవతి దగ్గర ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి చోట చెప్పడానికి నేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. "అయినా చెప్పు" అంది. అంతలో ఎవరో పిలిస్తే ఎవాంజెలిన్ చేతులు తుడుచుకుని నవ్వు ముఖంతో వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో హైవే మీద వాన పడుతోంది. ఆమోసు టోల్ గేటు దాటాక నోరు విప్పాడు.

"నా పరువు పోయిందని కాదే" అన్నాడు. "పోతే పోయింది. నాకు చెప్పొచ్చుగా."

"మీరు సంతోషంగా ఉన్నారని..."

"మరి పొద్దున్నే పాడేదానివి?"

ఆమె వైపర్ల వంక చూసింది.

"ఆ పాటలు కూడానా?"

"మీరు వినాలని పాడాను."

ఆమోసు దారి పక్కన ఆపలేక, ఆపకుండా ఉండలేక, అలాగే నడుపుతూ ఏడ్చాడు. "ఏప్రిల్ నుంచి రోజూ మోకాళ్లేసి థాంక్స్ చెప్పానే. రోజూ. నువ్వు మెట్ల మీద పాడుతుంటే నేను ఇవతల కూర్చుని... నాకు తెలీకపోయిందే. నలభై ఏళ్లు కాపురం చేసి నాకు తెలీకపోయిందే."

"మీకు తెలీకూడదనే చేశానండీ. నేను బాగా చేశాను."

ఆ మాట ఓదార్పు అనుకుని చెప్పింది. ఆయన ముఖం చూశాక కాదని అర్థమైంది.

పాస్టరు రెండు రోజులాగి ఫోన్ చేశాడు. "అమ్మా, ముందు మిమ్మల్ని అడగకుండా తెర మీద వేశాం. తప్పు నాది" అన్నాడు. పుష్పవతికి ఆయన మీద కోపం లేదు. ఎవరి మీదా లేదు. నిజం చెప్పాక గుండె తేలికవుతుందని జనం అంటారు. ఆమెకి తేలిక కాలేదు. నటన అనే పని ఒకటి ఉండేది, అదీ పోయింది. ఇప్పుడు పొద్దున లేవడానికి ఆ కారణం కూడా లేదు.

ఆమోసు పాడటం మానేశాడు. భోజనం ముందు ప్రార్థన చేసేవాడు, కానీ రెండు ముక్కల్లో ముగించేవాడు. ఆమె నవ్వితే అనుమానంగా చూసేవాడు. అన్నం తింటే, నిజంగా ఆకలేసే తింటోందా అన్నట్టు చూసేవాడు. ఎస్టేటులో ఎదురైనవాళ్లకి చెయ్యి ఊపి ముందుకెళ్లిపోతున్నాడని పక్కింటావిడ ఒకసారి అంది. పుష్పవతి పోగొట్టుకున్నది ఆయన కూడా పోగొట్టుకుంటున్నాడు. అది కళ్లముందు జరుగుతోంది. ఆపడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

జనవరిలో గురువారాలు మానేసింది. ఫిబ్రవరిలో తినడం మానేసింది. డాక్టరమ్మ ఫోన్ చేసి మాట్లాడి, ఆమెని మానసిక వైద్యం వార్డులో చేర్పించింది. ఏడు వారాలు అక్కడుంది.

అక్కడ పొద్దున మాత్రలిచ్చే నర్సు కేరళ అమ్మాయి. చిన్న కాగితం కప్పు చేతికిచ్చి, మింగేదాకా నిలబడి, "నోరు ఒకసారి తెరవండి ఆంటీ" అనేది మెత్తగా. నాలుక కింద దాచుకోలేదని చూడటానికి. పుష్పవతి తెరిచేది. ఆ అమ్మాయి ముఖంలో కనబడే ఓపికని గుర్తుపట్టింది. ఆ ఓపిక వెనక అమ్మాయి ఏమనుకుంటుందో కూడా తెలుసు.

వార్డులో బొమ్మలు వేసే గది ఒకటుంది. రమ్మన్నారు, వెళ్లలేదు. పొద్దున్నే తన పక్క తనే వేసుకునేది, మూలలు సరిగా మడిచి. నాలుగో రోజు ఎదురు మంచం ఆమెది కూడా వేసింది. అయిదో రోజు ఆ వరసలో నాలుగు మంచాల పక్కలూ వేసింది. కేరళ అమ్మాయి వచ్చి చేయి పట్టుకుని, "మీరు ఇక్కడ పేషెంటు ఆంటీ, విశ్రాంతి తీసుకోండి" అంది. పుష్పవతి సారీ చెప్పి వెళ్లి తన మంచం మీద కూర్చుంది. ఆ రోజంతా అలాగే కూర్చుంది.

ఏప్రిల్లో ఇంటికి పంపారు. తినగలుగుతోంది, స్నానం చేయగలుగుతోంది, నిద్ర అయిదు గంటలకి పెరిగింది. చార్టులో మెరుగు అని రాసి ఉంటారు. మాత్రలు మూడయ్యాయి. వాటికి చేతులు సన్నగా వణకడం మొదలైంది. నీడ అంచు వెంబడి కుంచె ఇదివరకటిలా నిలవదు. మేలో మళ్లీ క్లాసుకెళ్లి ఒక మడత మొదలుపెడితే, తెల్లగా ఉండాల్సిన చోట మూడు చుక్కలు పడ్డాయి. నోరీన్ ఏమీ అనకుండా కొత్త కాగితం తెచ్చి పక్కన పెట్టింది.

"ఇది నీకు మేలు చేస్తుందా?" అని అడిగాడు డెక్లన్. ఆయన అప్పటికి తొంభై ఒకటో గేటు వేస్తున్నాడు.

"లేదు" అంది పుష్పవతి. "మీకు?"

డెక్లన్ గేటు గడియ మీద కుంచె ఆపాడు. "ఇంట్లో కూర్చుంటే ఇంకా అధ్వాన్నంగా ఉంటుంది" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆమె వెళుతోంది. ఒక గురువారం వెళ్లి మూడు మానేస్తుంది. ఎవాంజెలిన్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. జీపీకి ఇంకా చెప్పలేదు. ఇద్దరూ గారెల పిండి గురించి, బస్సుల గురించి మాట్లాడుకుని పెట్టేస్తారు. గిడియన్ వారం వారం వచ్చి, "ఎనీ బెటర్, మామ్?" అంటాడు. "లేదురా" అంటుంది. "ఓకే" అని, చొక్కా చేతులు మడిచి సింకులో గిన్నెలు తోముతాడు. వాడు ఆ మాట అడిగేటప్పుడు ఆమె వంక చూడటం మానేసి చాలా రోజులైంది.

మొన్న అక్టోబరు చివర్లో ఒక గురువారం వెళితే హాలు తలుపుకి కాగితం అంటించి ఉంది. బాయిలరు చెడిపోయింది, ఈ వారం క్లాసు లేదు. వాన పడుతోంది. ఆమోసు కారు తిప్పి, "ఇంటికా?" అన్నాడు.

"వద్దు."

"మరెక్కడికి?"

"ఎక్కడికైనా."

ఆయన ముప్పావు గంట నడిపి బెట్టీస్‌టౌన్ సముద్రం దగ్గర ఆపాడు. నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. ఒడ్డున ఎవరూ లేరు. ఆమోసు వానలో దిగి వెళ్లి చిప్స్ పొట్లం తెచ్చాడు. మధ్యలో పెట్టుకుని తిన్నారు. కారు అద్దాలకి లోపల ఆవిరి పట్టింది.

"ఎట్టా ఉంది?" అన్నాడు ఆమోసు. ఆ ప్రశ్న ఆయన అడిగి నెలలయింది.

పుష్పవతి ఆయన వంక చూసింది. ఆయన మెడ సన్నబడింది. చొక్కా కాలరులో ఇంకొక మెడకి చోటుంది. ఏం చెప్పమంటున్నాడో ఆమెకి తెలుసు. చెప్పడం ఎలాగో కూడా తెలుసు.

"అట్టాగే ఉందండీ" అంది.

ఆమోసు తలూపాడు. "నాకూ ఈ మధ్య పొద్దున నాలుగింటికే మెలకువ వస్తందే" అన్నాడు.

ఆమె చేతిలోని చిప్ అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"ఆకలి?"

"ఏదో తింటన్నాను."

పుష్పవతి పొట్లం మూసి ఒళ్లో పెట్టుకుంది. "సోమవారం జీపీకి ఫోన్ చేస్తాను" అంది.

"చెయ్యి" అన్నాడు ఆమోసు. అద్దం మీది ఆవిరిని కోటు చేత్తో తుడిచాడు. బయట ఏమీ కనబడలేదు. వైపర్లు వేసి కారు వెనక్కి తీశాడు.